చంద్రుడి ఫోటోలో గ్రెయిన్ ఎందుకొస్తుంది, ఎడిటింగ్‌లో ఎంతవరకు తీయొచ్చు

ముందు మీ ప్రశ్నను క్లుప్తంగా చెప్పుకుందాం. మీ దగ్గర కెనాన్ 200డి కెమెరా, 55-250 ఎంఎం లెన్స్ ఉన్నాయి. పౌర్ణమి రాత్రి మేడ మీద ట్రైపాడ్ వేసి ఆటో మోడ్‌లో తీస్తే చంద్రుడు తెల్లటి బిళ్లలా వచ్చాడు. రాత్రిపూట ఐఎస్ఓ (పడ్డ వెలుతురుని కెమెరా ఎంత పెంచి చూపాలో చెప్పే అంకె) ఎక్కువ ఉండాలని ఎవరో చెప్పారని 3200 అలాగే ఉంచి, షట్టర్ (వెలుతురుని లోపలికి వదిలే సమయం) 1/4000 సెకనుకి, అపెర్చర్ (లెన్స్ రంధ్రం, ఎఫ్ అంకె పెరిగితే చిన్నదవుతుంది) ఎఫ్/16కి మార్చారు. మచ్చలైతే కనిపించాయి గానీ ఫోటో మసగ్గా, నిండా గ్రెయిన్‌తో (ఇసుక చల్లినట్టు సన్నటి చుక్కలతో, దీన్నే నాయిస్ అనీ అంటారు) వచ్చింది. లైట్‌రూమ్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఎక్స్‌పోజర్ (ఫోటో వెలుగు) కొంచెం పెంచి, నాయిస్ రిడక్షన్ 70 దాకా లాగితే గ్రెయిన్‌తో పాటు చంద్రుడి మీద ఉన్నవన్నీ తుడిచిపెట్టుకుపోయాయి. వివరాలు పోకుండా నాయిస్ మాత్రమే తీసే సాఫ్ట్‌వేర్ ఏదని అడిగారు.

సాఫ్ట్‌వేర్ల పేర్లు చెప్తాను. కానీ మీరు పెట్టిన ఫోటోకి ఏ సాఫ్ట్‌వేరూ పెద్దగా మేలు చేయదు. అందులోకి వెలుతురే చాలా తక్కువ వెళ్లింది. ఎంత తక్కువో లెక్క చూస్తే మీకే తెలుస్తుంది.

చంద్రుడు మనకు రాత్రి కనిపించినా, మనం ఫోటో తీస్తున్నది ఎండలో ఉన్న నేలని. సూర్యుడికి భూమి ఎంత దూరమో చంద్రుడూ దాదాపు అంతే దూరం. ఆ నేల తన మీద పడ్డ ఎండలో సుమారు 12 శాతమే తిప్పి పంపుతుంది. మిట్టమధ్యాహ్నం పాత తారురోడ్డు ఎలా కనిపిస్తుందో పౌర్ణమి చంద్రుడూ ఇంచుమించు అలాగే ఉంటాడు. చుట్టూ ఆకాశం నల్లగా ఉండటంతో కళ్లు జిగేల్మంటాయి, అంతే. ఆటో మోడ్ మోసపోయేదీ అక్కడే. ఫ్రేమ్ నిండా ఉన్న నలుపును చూసి, ఇక్కడ చీకటిగా ఉందనుకుని ఎక్స్‌పోజర్ పెంచేస్తుంది.

కాబట్టి చంద్రుడికి పెట్టాల్సినవి పగటి సెట్టింగులు. దీనికి 'లూనీ 11' అని పాతకాలం నుంచీ ఒక నియమం ఉంది. పౌర్ణమి చంద్రుడికి అపెర్చర్ ఎఫ్/11 పెట్టి, ఐఎస్ఓ 100 అయితే షట్టర్ 1/100, ఐఎస్ఓ 200 అయితే 1/200 పెట్టాలి. దాన్నే ఎఫ్/8కి మార్చుకుంటే ఐఎస్ఓ 100, షట్టర్ 1/200 అవుతుంది. మీ లెన్స్‌కి నేను చెప్పేది ఇదే.

ఇప్పుడు మీ సెట్టింగుతో పోల్చండి. ఎఫ్/16 నుంచి ఎఫ్/8కి వస్తే వెలుతురు 4 రెట్లు. షట్టర్ 1/4000 నుంచి 1/200కి వస్తే 20 రెట్లు. రెండూ కలిపితే 80 రెట్లు. అంటే సెన్సర్ (కెమెరాలో వెలుతురుని పట్టే పలక) మీద పడాల్సిన వెలుతురులో మీరు ఎనభయ్యో వంతు మాత్రమే తీసుకున్నారు. ఆ కాస్త వెలుతురునే ఐఎస్ఓ, లైట్‌రూమ్ కలిసి సాగదీశాయి.

గ్రెయిన్ అంతా ఆ సాగదీతలోంచి బయటపడిందే. వెలుతురు సెన్సర్ మీద ఫోటాన్లుగా, అంటే విడివిడి కణాలుగా, లెక్క తప్పుతూ పడుతుంది. ఒక పిక్సెల్ మీద సగటున 100 పడాల్సిన చోట ఒకసారి 92, ఇంకోసారి 111 పడతాయి. ఆ ఊగిసలాట సగటుకి వర్గమూలమంత ఉంటుంది. 100కి 10, అంటే 10 శాతం తేడా. అదే 80 రెట్లు పెరిగి 8000 పడితే ఊగిసలాట సుమారు 90, అంటే ఒక్క శాతం పైచిలుకు. పక్కపక్క పిక్సెళ్ల మధ్య 10 శాతం తేడా ఉంటే కంటికి ఇసుక చల్లినట్టు కనిపిస్తుంది. ఒక శాతమైతే కనపడదు. సెట్టింగు మార్చినందుకే నాయిస్ తొమ్మిదో వంతుకి దిగిపోతుందన్నమాట. ఇంత మార్పు ఏ స్లైడర్ వల్లా రాదు.

ఐఎస్ఓ గురించి ఇక్కడే ఒక మాట. నాయిస్‌ని ఐఎస్ఓ పుట్టించదు, వెలుతురు తక్కువ కావడం వల్ల పుడుతుంది. గాలి వీస్తుంటే ఐఎస్ఓ 200 పెట్టి 1/400లో తీసినా ఏం కొంప మునగదు. ఐఎస్ఓ 100 పేరుతో ఫోటోని చీకటిగా తీసి తర్వాత కంప్యూటర్‌లో రెండు స్టాపులు (నాలుగు రెట్లు) పైకి లాగడం అంతకంటే చెడ్డది.

ఎఫ్/16తో ఇంకో నష్టం కూడా జరిగింది. అపెర్చర్ చిన్నదయ్యే కొద్దీ డిఫ్రాక్షన్ వల్ల, అంటే వెలుతురు రంధ్రం అంచుల దగ్గర వంగడం వల్ల, ఒక్క చుక్క కూడా పలచగా పరుచుకుంటుంది. ఎఫ్/16 దగ్గర ఆ మరక మీ కెమెరాలో దాదాపు 6 పిక్సెళ్ల వెడల్పు. ఎఫ్/8 దగ్గర 3 పిక్సెళ్లు. మీ ఫోటో మసగ్గా ఉండటంలో ఫోకస్ తప్పు ఎంతుందో గానీ దీని వాటా మాత్రం కచ్చితంగా ఉంది.

ఇక నాయిస్ రిడక్షన్ పెంచాక చంద్రుడు ప్లాస్టిక్‌లా నున్నగా అయిపోయిన సంగతి. ఇది కొంచెం నిదానంగా చదవండి, ఎడిటింగ్‌లో చేసే ప్రతి పనికీ ఇదే ఆధారం. సెన్సర్ మీద చంద్రుడి సైజు ఫోకల్ లెంగ్త్‌లో (లెన్స్ జూమ్‌ని చెప్పే ఎంఎం అంకెలో) సుమారు 110వ వంతు ఉంటుంది. 250 ఎంఎం దగ్గర అది 2.3 మిల్లీమీటర్లు, అంటే మీ 24 మెగాపిక్సెళ్లలో చంద్రుడు దాదాపు 610 పిక్సెళ్ల వెడల్పు. చంద్రుడి అసలు వ్యాసం 3,474 కిలోమీటర్లు. కాబట్టి మీ ఫోటోలో ఒక్కో పిక్సెల్ 5.7 కిలోమీటర్ల నేల. కోపర్నికస్ బిలం వెడల్పు 93 కిలోమీటర్లు, మీ దగ్గర అది 16 పిక్సెళ్లు. దాని గోడల్లో మెట్లు మెట్లుగా ఉండే అంచులకి, మధ్యలో ఉండే చిన్న కొండలకి దక్కేది ఒకటి, రెండు పిక్సెళ్లు. గ్రెయిన్ కూడా ఒకటి, రెండు పిక్సెళ్ల సైజులోనే ఉంటుంది. ఏది కొండ, ఏది గ్రెయిన్ అన్నది ఆ స్లైడర్‌కి ఎలా తెలుస్తుంది? రెండింటినీ కలిపి తుడిచేస్తుంది. ముఖం ఫోటోలో చెంప నున్నగా అయినా చెల్లుతుంది. చంద్రుడి మీద ఆ చిన్న చిన్న గరుకులే ఫోటో. అందుకని నాయిస్‌ని ఎడిటింగ్‌లో కంటే ముందే తగ్గించుకోవాలి. ఒక్కో ఫ్రేములో సరిపడా వెలుతురు తీసుకోవడం ఒక దారి, చాలా ఫ్రేములు తీసి కలపడం రెండో దారి. రెండూ చేయాలి.

తీసేటప్పుడు మోడ్ మాన్యువల్‌లో, ఫైల్ రా (RAW, సెన్సర్ పట్టింది పట్టినట్టు దాచే ఫైలు) రకంలో ఉండాలి. ఫోకస్ కోసం లైవ్ వ్యూలో (కెమెరా వెనక తెర మీద) 10 రెట్లు జూమ్ చేసి, చేత్తోనే రింగ్ తిప్పండి. అంచుని కాకుండా, వెలుగు చీకటి కలిసే గీత దగ్గర ఏదైనా బిలాన్ని చూస్తూ తిప్పితే సులువు. ట్రైపాడ్ మీద ఉన్నప్పుడు లెన్స్ స్టెబిలైజేషన్ ఆపేయండి. ట్రైపాడ్ మధ్య కడ్డీని పైకి లేపొద్దు. కెమెరాని వేలితో నొక్కకుండా రిమోట్ గానీ ఫోన్ యాప్ గానీ వాడండి. చంద్రుడు కదలడం వల్ల ఫోటో చెడుతుందని చాలామంది టెన్షన్ పడతారు. 250 ఎంఎం దగ్గర చంద్రుడు సెకనుకి దాదాపు 5 పిక్సెళ్లే జరుగుతాడు. 1/60 దగ్గర కూడా అది లెక్కలోకి రాదు. ట్రైపాడ్ వణుకే అసలు శత్రువు.

ఒక ఫోటో తీసి హిస్టోగ్రామ్ (ఫోటోలో చీకటి, వెలుగు ఎంతెంత ఉన్నాయో చూపే గ్రాఫ్) చూడండి. ఎడమ చివర ఆకాశం తాలూకు పెద్ద స్తంభం ఉంటుంది, దాన్ని వదిలేయండి. చంద్రుడి తాలూకు చిన్న గుట్ట కుడివైపు ఉంటుంది. అది కుడి గోడకి తగలకుండా, తగిలేంత దగ్గరగా ఉంటే మంచి ఎక్స్‌పోజర్. హైలైట్ అలర్ట్ కూడా చూసుకోండి, మితిమీరి తెల్లబడ్డ చోట్లు అందులో మెరుస్తాయి. పౌర్ణమి నాడు ముందుగా మెరిసేవి అరిస్టార్కస్ బిలం, టైకో చుట్టూ ఉండే చారలు. అవి మెరుస్తుంటే షట్టర్ ఒక మెట్టు వేగం పెంచండి.

నిజానికి బిలాలు బాగా రావాలంటే పౌర్ణమి మంచి రోజు కాదు. ఆరోజు సూర్యుడు మన వెనక నుంచి సూటిగా కొడతాడు, నీడలుండవు. నీడ లేకపోతే లోతు కనపడదు. క్యాలెండర్‌లో శుక్ల పక్షం తిథులు చూసుకోండి. ఒక్కో తిథి సూర్యచంద్రుల మధ్య 12 డిగ్రీల ఎడం కాబట్టి సరిగ్గా సగం చంద్రుడు అష్టమి నడుమ వస్తాడు. వెలుగు గీత షష్ఠికి థియోఫిలస్ బిలం దగ్గర, నవమికి టైకో, క్లేవియస్ బిలాల దగ్గర, దశమికి కోపర్నికస్ దగ్గర ఉంటుంది. ఒక రోజు అటూ ఇటూ కావచ్చు. ఆ గీత పక్కన బిలాల నీడలు చూస్తే మీ లెన్స్‌తో ఇంత వస్తుందా అనిపిస్తుంది. చంద్రయాన్-3 దిగిన 2023 ఆగస్టు 23 కూడా శుక్ల సప్తమే. దక్షిణ ధ్రువం వైపు ఆ చోటు మాంజినస్ బిలానికి దగ్గర్లో, మన వైపు ముఖం అంచున ఉంటుంది. ల్యాండర్ మన లెన్సులకి కనపడదు గానీ ఆ ప్రాంతాన్ని గుర్తుపట్టి ఫ్రేములో పెట్టుకోవచ్చు.

అష్టమికి వెలుతురు బాగా తగ్గుతుంది. ఎఫ్/8, ఐఎస్ఓ 200, 1/100తో మొదలుపెట్టండి. చవితి నెలవంకకి ఐఎస్ఓ 400, 1/60 దగ్గర చూసుకోండి.

చంద్రుడు ఎంత ఎత్తులో ఉంటే అంత మంచిది. కింద ఉన్నప్పుడు మధ్యలో గాలి ఎక్కువ, మసక ఎక్కువ. హైదరాబాద్ నుంచి చూస్తే మార్గశిర, పుష్య పౌర్ణములకి చంద్రుడు అర్ధరాత్రి దాదాపు నడినెత్తికి వస్తాడు. జ్యేష్ఠ, ఆషాఢ పౌర్ణములకి దక్షిణాన 45-55 డిగ్రీల దాకా మాత్రమే ఎక్కుతాడు. సగం చంద్రుడికైతే ఉగాది తర్వాత వచ్చే అష్టమి, నవమి చాలా అనుకూలం. శ్రీరామనవమి సాయంత్రం చీకటి పడేసరికే చంద్రుడు నెత్తి మీద ఉంటాడు, నిద్ర మానుకోనక్కర్లేదు.

ఇంకోటి, లైవ్ వ్యూలో జూమ్ చేసినప్పుడు చంద్రుడి అంచు నీళ్లలోంచి చూస్తున్నట్టు అలలు అలలుగా కదులుతుంటే అది గాలిలో వేడి. పగలంతా కాగిన కాంక్రీటు మేడ రాత్రి తొమ్మిదింటి దాకా వేడి వదులుతూనే ఉంటుంది. పక్కింటి ఏసీ బయటి యూనిట్ మీదుగా తీస్తే ఇక చెప్పక్కర్లేదు. వీలైతే మట్టి నేల మీదకో పార్కులోకో వెళ్లండి, లేదా మేడ చల్లబడే దాకా ఆగండి.

ఇప్పుడు రెండో దారి, స్టాకింగ్. ఒకే చంద్రుడిని వరసగా చాలా ఫ్రేములు తీసి, సరిగ్గా ఒకదాని మీద ఒకటి పేర్చి సగటు తీయడమే ఇది. బిలం ప్రతి ఫ్రేములోనూ అదే చోట ఉంటుంది, గ్రెయిన్ ప్రతి ఫ్రేములో వేరే చోట ఉంటుంది. సగటు తీస్తే బిలం మిగులుతుంది, గ్రెయిన్ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటుంది. 16 ఫ్రేములు కలిపితే నాయిస్ నాలుగో వంతు, 64 కలిపితే ఎనిమిదో వంతు. ఏ వివరమూ చెరగకుండా నాయిస్ తగ్గించే పద్ధతి నాకు తెలిసి ఇదొక్కటే. మీరడిగిన సాఫ్ట్‌వేర్ ఏదైనా ఉందంటే అది ఈ కోవలోదే. బర్స్ట్‌లో (బటన్ వదలకుండా వరసగా) ఓ వంద రా ఫ్రేములు తీసుకోండి, బఫర్ (కెమెరా తాత్కాలిక మెమరీ) నిండితే కాసేపు ఆగి మళ్లీ తీయండి.

వాటిని లైట్‌రూమ్‌లో తెరిచి షార్పెనింగ్ (పదును పెంచడం) సున్నా, నాయిస్ రిడక్షన్ సున్నా చేసి, అన్నిటికీ ఒకే వైట్ బ్యాలెన్స్ ఇచ్చి 16 బిట్ టిఫ్‌లుగా (నాణ్యత తగ్గని ఫోటో ఫైళ్లుగా) ఎక్స్‌పోర్ట్ చేయండి. లైట్‌రూమ్ రా ఫైళ్లకి తనంతట తానే షార్పెనింగ్ 40 పెడుతుంది, అది తీయడం మర్చిపోవద్దు. తర్వాత పిప్ అనే ప్రోగ్రామ్‌లో వేస్తే ప్రతి ఫ్రేములో చంద్రుడిని మధ్యకి తెచ్చి కత్తిరిస్తుంది. అక్కడి నుంచి ఆటోస్టాకర్ట్‌లోకి తీసుకెళ్లండి. రెండూ ఉచితం, విండోస్‌లో నడుస్తాయి. ఆటోస్టాకర్ట్ ఫ్రేములన్నిటినీ నాణ్యతని బట్టి వరసలో పెడుతుంది. గాలి వల్ల అలలుగా వచ్చినవి అడుగుకి పోతాయి. పైనున్న 40, 50 శాతం తీసుకోండి. చంద్రుడిని చిన్న చిన్న గళ్లుగా విడగొట్టి ఒక్కో గడిని విడిగా సరిచేస్తుంది కాబట్టి గాలి వల్ల కొంచెం వంగినవి కూడా సర్దుకుంటాయి. గడి సైజు మీ ఫైలుకి 48 గానీ 64 గానీ చాలు. డ్రిజిల్ 1.5 ఎక్స్ అని ఫోటోని ఒకటిన్నర రెట్లు పెద్దది చేసేది ఒకటి ఉంటుంది. ఫ్రేములు 50కి పైన ఉంటే పెట్టి చూడండి, తక్కువ ఉంటే వద్దు, నాయిస్ తిరిగొస్తుంది.

అవి కొత్తగా అనిపిస్తే ఫోటోషాప్‌లోనూ చేయొచ్చు. ఫ్రేముల్ని లేయర్లుగా తెరిచి, ఆటో అలైన్ చేసి, స్మార్ట్ ఆబ్జెక్ట్‌గా మార్చి స్టాక్ మోడ్‌లో మీన్ ఎంచుకోవాలి. గింప్‌లోనైతే అడుగు లేయర్ 100 శాతం ఒపాసిటీ, దానిపైది 50, ఆపైది 33, తర్వాత 25, ఇలా దిగుతూ పెడితే సగటే వస్తుంది. అలైన్ చేయడం చేత్తో చేసుకోవాలి, ఎనిమిది ఫ్రేములకైతే ఓపిక పట్టొచ్చు.

స్టాక్ అయ్యాక వచ్చే ఫోటో మెత్తగా, కాస్త నీరసంగా ఉంటుంది. చూసి నిరుత్సాహపడకండి. నాయిస్ లేదు కాబట్టి ఇప్పుడు దీనికి షార్పెనింగ్ తట్టుకునే బలం ఉంది. రిజిస్టాక్స్ అనే ప్రోగ్రామ్‌లో వేవ్‌లెట్స్ (వివరాల్ని సైజు వారీగా పొరలుగా విడగొట్టి పదును పెంచే పద్ధతి) వాడితే మొదటి పొర అతి సన్నని వివరాలది, గ్రెయిన్ కూడా అందులోనే ఉంటుంది. దాన్ని కొద్దిగా కదిపి, రెండు, మూడు పొరల్ని ఎక్కువ పెంచండి. లైట్‌రూమ్‌లోనే చేస్తే రేడియస్ 1 దగ్గర ఉంచి అమౌంట్ నెమ్మదిగా పెంచుతూ, ఆల్ట్ నొక్కి మాస్కింగ్ స్లైడర్ లాగండి. ఆకాశం, నున్నటి మైదానాలు నల్లగా అయి, అంచులు మాత్రమే తెల్లగా మిగిలాక ఆపండి. షార్పెనింగ్ ఆ నల్లటి చోట్ల జోలికి పోదు. చంద్రుడి అంచున తెల్లటి రింగు కనపడిందంటే హద్దు దాటారు, వెనక్కి రండి.

ఆ తర్వాత కూడా గ్రెయిన్ మిగిలితే నాయిస్ రిడక్షన్‌లో లూమినెన్స్ స్లైడర్ 10, 15 చాలు. ఆకాశంలో గ్రెయిన్ ఉంటే నాయిస్ రిడక్షన్‌తో పనిలేదు. బ్లాక్స్ స్లైడర్ కొంచెం కిందకి దించితే ఆకాశం శుభ్రమవుతుంది. కానీ వెలుగు గీత దగ్గరి నీడలు కూడా మునిగిపోకుండా జూమ్ చేసి చూసుకుంటూ దించండి. రంగు చుక్కలు ఇబ్బంది పెడితే ఫోటోని బ్లాక్ అండ్ వైట్ చేసేయండి, ఒక్క దెబ్బతో కలర్ నాయిస్ గొడవ వదిలిపోతుంది. రంగు కావాలనుకుంటే మాత్రం కలర్ నాయిస్ స్లైడర్‌ని 25 దాటించొద్దు. చంద్రుడికి నిజంగా రంగులున్నాయి. అపోలో 11 దిగిన ప్రశాంత సాగరం టైటానియం ఎక్కువున్న బసాల్ట్ వల్ల కొంచెం నీలంగా, పక్కనే ఉన్న సెరెనిటీ మైదానం గోధుమ ఛాయలో ఉంటాయి. మంచి స్టాక్ మీద శాచురేషన్ కొంచెం కొంచెంగా పెంచుకుంటూ పోతే ఆ తేడా బయటికొస్తుంది. మీ ఐఎస్ఓ 3200 ఫైలు మీద అదే పని చేస్తే రంగురంగుల చుక్కలు తప్ప ఏమీ రావు.

ఏఐ డీనాయిస్ (ఏఐతో గ్రెయిన్ తీసే టూల్) గురించి కూడా అడిగారు. లైట్‌రూమ్‌లో 2023 ఏప్రిల్ నుంచి ఉంది, మనుషుల ఫోటోలకి, పెళ్లి ఫోటోలకి నేను ధైర్యంగా వాడతాను. చంద్రుడికి మాత్రం ఒక్క ఫ్రేమే ఉండి, వేరే గత్యంతరం లేనప్పుడు 20, 30 దగ్గర పెట్టి ఆపుతాను. ఎక్కువ పెడితే అది గ్రెయిన్‌ని చూసి గుంతల్ని ఊహించడం మొదలుపెడుతుంది. ఫోటో అందంగానే ఉంటుంది, అయితే అందులో లేని బిలాలు ఉంటాయి. అనుమానమొస్తే తేల్చుకోవడం తేలికే. నాసా వాళ్ల లూనార్ రికన్నైసెన్స్ ఆర్బిటర్ 2009 నుంచి తీస్తున్న చంద్రుడి మ్యాపులు నెట్‌లో ఉచితంగా ఉన్నాయి. మీ ఫోటోని పక్కన పెట్టుకుని చూడండి, మ్యాపులో లేనిది మీ ఫోటోలో ఉంటే సాఫ్ట్‌వేర్ గీసిందే. నాకైతే గీసిన బిలం కంటే నాలుగు గింజల గ్రెయిన్ నయం.

ఫోన్‌లో అంత బాగా వస్తోంది, డీఎస్‌ఎల్‌ఆర్‌లో ఎందుకు రాదన్న మీ తమ్ముడి ప్రశ్నకీ జవాబు ఇందులోనే ఉంది. 2023 మార్చిలో ఒకాయన చంద్రుడి బొమ్మని కావాలనే మసక చేసి, కంప్యూటర్ తెర మీద పెట్టి శాంసంగ్ ఫోన్‌తో తీస్తే, ఆ బొమ్మలో లేని వివరాలు ఫోటోలో ప్రత్యక్షమయ్యాయి. చంద్రుడిని గుర్తుపట్టి ఏఐతో వివరాలు మెరుగుపరుస్తామని కంపెనీ కూడా వివరణ ఇచ్చింది. దానితో మీ ఫోటోకి పోలిక పెట్టుకోవద్దు.

ఎక్కువ ఐఎస్ఓ నిజంగా కావాల్సిన సందర్భం ఒకటుంది, సంపూర్ణ చంద్రగ్రహణం. అప్పుడు చంద్రుడి వెలుగు వేల వంతులకి పడిపోతుంది. ఎఫ్/5.6కి తెరిచినా సెకను దాకా షట్టర్ కావాలి, సెకనులో చంద్రుడు 5 పిక్సెళ్లు జరుగుతాడు. అందుకని 1/4 సెకను దగ్గర ఆగి, ఐఎస్ఓ 3200, 6400 పెట్టక తప్పదు. స్టాకింగ్ అసలు విలువ అప్పుడు తెలుస్తుంది. మన దగ్గర బాగా కనిపించే సంపూర్ణ గ్రహణం 2028 డిసెంబర్ 31 రాత్రి ఉంది. ఈలోగా ప్రతి అష్టమికీ ఈ పని చేస్తూ ఉంటే చేయి అలవాటు పడుతుంది.

చివరగా షేర్ చేసేటప్పుడు: మీ చంద్రుడు 610 పిక్సెళ్లు కాబట్టి 1000 బై 1000కి కత్తిరించి అలాగే వదిలేయండి. ఫ్రేము నింపాలని మూడు రెట్లు సాగదీస్తే ఉన్న పదును కూడా పోతుంది. వాట్సాప్‌లో మామూలు ఫోటోగా కాకుండా డాక్యుమెంట్‌గా పంపండి, లేదంటే కంప్రెషన్‌లో మళ్లీ మరకలొస్తాయి. ఈసారి తీసినప్పుడు ఎడిట్ చేయని రా ఫైలు ఒకటి, స్టాక్ నుంచి వచ్చిన టిఫ్ ఒకటి పెట్టండి. వేవ్‌లెట్స్ ఏ పొర ఎంత పెంచాలో వాటిని చూసి చెప్తాను.